ఆదెమ్మ మూట

అటు తిరగకు. ఇటు తిరిగి ఊ కొట్టు. ఊ కొట్టకపోతే నాకు కథ రాదు.

అనగనగా గోదారి మధ్యలో ఒక లంక. ఆ లంక మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో ఆదెమ్మ అని ఒక ముసలమ్మ ఉండేది. నాలాంటిదే అనుకో. నాకంటే కాస్త పొట్టి, నాకంటే చాలా మొండి.

ఆదెమ్మకి ఒక్కడే కొడుకు, భీమరాజు. కోడలు పేరు నాగవేణి. వాళ్ళకో చంటిపిల్ల. ఆదెమ్మ అందరికంటే ముందు లేచేది. రేవుకి వెళ్ళి బిందెతో నీళ్ళు తెచ్చేది. ఆ తర్వాత పెరట్లో దొండపాదుకీ ఆనపపాదుకీ నీళ్ళు పోసేది. ఆ తర్వాత తన పొయ్యి మీద తనే ఇంత జావ కాచుకుని తాగేది. కోడలు కాచి ఇవ్వక కాదు. తన జావ తను కాచుకుంటేనే ఆవిడకి తెల్లారినట్టుండేది.

ఆ లంకకి ఏటేటా వరద వచ్చేది. రేవులో నీళ్ళు ఎర్రబడ్డాయంటే ఇక వ్యవధి లేదన్నమాటే. అందరూ మూటలు కట్టుకుని, చిన్న పాయ ఒకటి నడిచి దాటి, ఏటిగట్టు ఎక్కాలి. ఆలస్యమైతే పాయలో నీళ్ళు పెరిగిపోతాయి. అప్పుడిక నడిచే వీలుండదు.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటుండేది. ఎవరి మూట వాళ్ళే మొయ్యాలి. నడక వచ్చిన పిల్లలకి కూడా గుడ్డలో గుప్పెడు అటుకులు కట్టి చంకకి తగిలించేవాళ్ళు. మరి పెద్దవాళ్ళ చేతుల్లో చంటిపిల్లలూ, దూడలూ, బియ్యమూ ఉంటాయి కదా. నడవలేని వాళ్ళని మాత్రం మంచం మీద పడుకోబెట్టి, మంచానికి వెదురుగడలు కట్టి, నలుగురు మగవాళ్ళు భుజాన వేసుకుని తీసుకెళ్ళేవాళ్ళు.

ఆదెమ్మ స్నేహితురాలు నూకాలుకి పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. పాపం, అది ఆవిడ చేతిలో ఉన్న పని కాదు. కిందటేడు వరదకి ఆవిడని అలాగే మోశారు. ఆదెమ్మ తన మూట నెత్తిన పెట్టుకుని, ఆ మంచం పక్కనే నడిచింది. నూకాలు ముఖం మీద వాన పడకుండా తాటాకు గొడుగు పట్టింది. ఆకాశంలోకి చూస్తూ, కదలకుండా, ఎవరి భుజాల మీదో పోతున్న ఆ ముఖం ఆదెమ్మకి మనసులో ఉండిపోయింది.

ఇంటికొచ్చాక కొడుకుతో అంది: "ఒరే భీమా, నలుగురి భుజాల మీదా నేనెక్కేది ఒక్కసారే. ఆ రోజు ఎటూ తప్పదు. ఆలోగా మాత్రం నాకొద్దు నాయనా."

అప్పుడేమయింది? మాఘమాసంలో ఆదెమ్మకి జ్వరం పట్టుకుంది. మందులు మింగింది, పథ్యం తిన్నది, జ్వరం తగ్గింది. తగ్గిన మర్నాడే బిందె తీసుకుని రేవుకి బయల్దేరింది. చెప్పాను కదా, మొండిది. మెట్టు మీద కళ్ళు తిరిగి తూలింది. పక్కనున్నావిడ పట్టుకోబట్టి సరిపోయింది.

సంగతి తెలిసి భీమరాజు పరిగెత్తుకొచ్చాడు. వాళ్ళ నాన్న ధాన్యం బస్తా దించుతూ ఆ రేవులోనే జారిపడి, మళ్ళీ లేవలేదు. కుర్రాడికి అదే గుర్తొచ్చింది. తన నెత్తిన తనే చెయ్యి పెట్టుకున్నాడు. "అమ్మా, ఇక నువ్వు మంచం దిగి పని ముట్టుకున్నావంటే నా మీద ఒట్టే!" అన్నాడు.

బిడ్డ మీద ఒట్టంటే ఏ తల్లి దాటుతుంది? ఆదెమ్మ వెళ్ళి మంచం మీద కూర్చుంది.

ముందు బిందె అటకెక్కింది. ఆ తర్వాత పాదులకి నీళ్ళు పోయడం నాగవేణి పనయింది. ఆ తర్వాత, పెరట్లో అడ్డంగా ఉందని ఆదెమ్మ పొయ్యి కూడా తవ్వి తీసేసి, ఆ చోట నున్నగా అలికేశారు. ఆ రోజు ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. ఊళ్ళో వాళ్ళు వచ్చి, "నీకేం ఆదెమ్మా, మహారాణిలా కూర్చోబెట్టి చూస్తున్నారు" అని వెళ్ళేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోతుంది ఆ మాట వింటే.

మహారాణి సంగతి ఏమయిందో చెబుతాను విను. ముందు మోకాళ్ళు మొరాయించాయి. మంచం దిగాలంటే కోడలు చెయ్యి కావాలి. ఆ తర్వాత పిడికిలి పట్టు తప్పింది. మనవరాలిని ఎత్తుకోబోతే పిల్ల జారింది. ఆ తర్వాత మాట కూడా తగ్గిపోయింది. ఏం తింటావంటే మీ ఇష్టం అనేది. ఎలా ఉందంటే బాగానే ఉంది అనేది. భీమరాజుది ప్రేమ కాదని నేననను. ప్రేమే. కానీ తల్లిని దాచుకోబోయి, ఉన్న తల్లిని కొంచెం కొంచెంగా పోగొట్టుకుంటున్నాడు. అది వాడికి తెలియలేదు.

జ్యేష్ఠం వెళ్ళి ఆషాఢం వచ్చింది. ఒకరోజు భీమరాజు పెరట్లో కూర్చుని రెండు వెదురుగడలు చెక్కుతున్నాడు. ఆదెమ్మ మంచం మీంచి చూసింది.

"అవెవరికిరా?" అంది.

భీమరాజు తలెత్తలేదు. "వరదొస్తే నీ మంచానికమ్మా" అన్నాడు.

ఆదెమ్మకి నూకాలు ముఖం కళ్ళముందు కదిలింది. ఆ తర్వాత కొడుకుని పిలిచి మంచం పక్కన కూర్చోమంది.

"ఒట్టు తియ్యరా" అంది.

"పడితేనో? నాన్నలాగా నువ్వూ పడితేనో?" అన్నాడు వాడు.

"మీ నాన్న బస్తా మోస్తూ ఒక్కసారి పడ్డాడు. నేను ఈ మంచం మీద కూర్చుని రోజూ పడుతున్నాను. నీకు కనపడటంలేదంతే. అయినా చూడు, నా మంచానికి నలుగురు కావాలి. అందులో నువ్వొకడివి. మరి నీ పిల్లనెవరెత్తుకుంటారు? దూడనెవరు పట్టుకుంటారు?"

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి నాగవేణి అంది: "తీసెయ్యి మావా. అత్త నాతో పోట్లాడి ఎన్నాళ్ళయిందో తెలుసా? ఇల్లు ఇల్లులాగే లేదు."

భీమరాజు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టానమ్మా" అన్నాడు. ఆ తర్వాత లేచి ఒక గడని కురచగా కోసి తల్లికి చేతికర్ర చేశాడు. రెండోదాన్ని దొండపందిరికి రాటగా పాతాడు.

ఆదెమ్మ మర్నాడే బిందె ఎత్తిందనుకుంటున్నావా? లేదు. ఈసారి ఆవిడకి బుద్ధొచ్చింది. ముందు మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడటం, కూర్చోవడం, మళ్ళీ లేవడం. అన్నం తినే ముందు అదే, తిన్నాక అదే. కాళ్ళు వణికితే కాసేపు ఆగేది, కానీ మానేది కాదు. ఆ తర్వాత చేతికర్రతో పెరట్లోకి నడక. బిందె కాదు, చిన్న చెంబుతో పాదుకి నీళ్ళు. ఆ తర్వాత నాగవేణి తనే మట్టి తొక్కి అత్తగారి పొయ్యి పాతచోటే వేసింది. మొదటిరోజు జావ మాడిపోయింది. ఆదెమ్మ చుక్క మిగల్చకుండా తాగింది.

ఒకరోజు పడింది కూడా. దాస్తే కథెందుకు? దొండపందిరి కింద కాలు మడతపడి కూలబడింది. చెంబు దొర్లిపోయింది. భీమరాజు గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకొచ్చి చేతులు చాచాడు.

"ఆగు" అంది ఆదెమ్మ.

వాడు ఆగాడు. బిడ్డా, నడవడం ఆదెమ్మకెంత కష్టమో, ఆ ఆగడం భీమరాజుకి అంతకంటే కష్టం. ఆదెమ్మ ఊపిరి తీసుకుని ఒక పక్కకి ఒత్తిగిలింది. అరచెయ్యి నేలకి ఆన్చి ఒక మోకాలి మీదకి వచ్చింది. అప్పుడు ఆ వెదురు రాట పట్టుకుంది. తన మంచానికని కొట్టిన గడే అది. దాన్ని పట్టుకుని మెల్లగా, మెల్లగా లేచి నిలబడింది. అంతసేపూ భీమరాజు చేతులు చాచే ఉంచాడు. ఎత్తడానికి కాదు, మళ్ళీ పడితే పట్టుకోవడానికి.

శ్రావణంలో రేవు ఎర్రబడింది. దండోరా వేశారు. వాన. ఊరంతా మూటలతో బయల్దేరింది. భీమరాజు భుజాన పిల్ల, చేతిలో దూడ పలుపు. నాగవేణి నెత్తిన బియ్యం. ఆదెమ్మ చంకన తన మూట, చేతిలో కర్ర. పాయలో నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. భీమరాజు వెనక్కి తిరిగి చూశాడు. అమ్మ వస్తోంది. ఇంకాస్త దూరం వెళ్ళి మళ్ళీ చూశాడు. వస్తోంది. ఇంకోసారి చూడబోతే, "ముందు చూసి నడవరా, దూడ జారుతుంది" అని కేకేసింది.

గట్టు ఎక్కేచోట బురద. ఆదెమ్మ ఆయాసపడుతూ ఆగి, ఆగి, ఎక్కింది. అప్పటికి నూకాలు మంచం కూడా దించారు. ఆదెమ్మ ఆవిడ పక్కన కూర్చుని, ముఖం మీద వాననీళ్ళు తుడిచి, మూట విప్పింది. ఒక పాతచీర, మొగుడి తుండుగుడ్డ, ఒక విత్తనాల పొట్లం.

"ఒసే ఆదీ, ఈ వయసులో విత్తనాలెందుకే నీకు?" అంది నూకాలు.

"నీళ్ళు తీశాక పాదులు పెట్టొద్దా?" అంది ఆదెమ్మ.

ఆ తర్వాత ఇంకొన్ని వరదలొచ్చాయి, పోయాయి. ఒక వేసవి పొద్దున ఆదెమ్మ పాదులకి నీళ్ళు పోసింది. జావ కాచుకుని తాగింది. గిన్నె కడిగి బోర్లించింది. పొయ్యి పక్కన గోడకి చేరబడి కళ్ళు మూసుకుంది. అంతే. నలుగురూ వచ్చి ఆవిడని భుజాలకెత్తుకున్నారు. భీమరాజు నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు. ఆవిడ కోరుకున్నట్టే, ఒక్కసారే.

ఆ ఏడు వరదకి భీమరాజు గట్టెక్కి, అలవాటుగా వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఆదెమ్మ మనవరాలు వస్తోంది, తన మూట తను చంకన పెట్టుకుని. మూటలో అటుకుల పక్కన నాయనమ్మ విత్తనాల పొట్లం కూడా ఉంది.

ఏడవకు. ముక్కు తుడుచుకో. దుప్పటి కప్పుకో. లైటు నేను తీస్తాను. వద్దు, చెయ్యివ్వకు, నేనే లేస్తాను. నువ్వు చూస్తూ ఉండు, చాలు.

ఒట్టు గట్టుకి, పాదు పెరటికి, కథ కంచికి, కునుకు మన కంటికి.