జానెడు వదులు

సుగుణ బాగుచేసిన వైరు మూడోసారి వెనక్కి వచ్చింది.

కడపలో ఉస్తాద్ కరీముల్లా దగ్గర ఆమె రెండేళ్ళుగా పని నేర్చుకుంటోంది. ఆసుపత్రి మిషన్ల వైర్లు బాగుచెయ్యడం వాళ్ళ పని. ఇది నెలలు నిండకుండా పుట్టిన ఒక బిడ్డ ఒంటికి పెట్టేది. గుండె కొట్టుకోవడం ఈ వైరు గుండానే తెర మీదికి వెళ్ళి గీతగా కనబడుతుంది. బిడ్డ బాగానే ఉన్నా ఉన్నట్టుండి గీత చెదిరిపోతోంది. మిషన్ కూత పెడుతోంది.

"టంకం గట్టిగానే ఉంది ఉస్తాద్. మీటరు పెట్టి చూశాను. పొట్టిగా ఉంటే గీత శుభ్రంగా వస్తుందని వైరు కూడా సరిగ్గా సరిపోయేలా కోశాను. ఇంకేం చెయ్యమంటారు?"

ఉస్తాద్ ఇంకో వైరు సంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కున్నాడు.

వార్డులో నర్సు వాళ్ళను చూస్తూనే, "వచ్చావా సుగుణా! ఇంకోసారి కూసిందంటే ఆ పక్క మంచం మీద నన్నే పడుకోబెట్టాలి," అంది.

బిడ్డను పడుకోబెట్టిన తొట్టి పక్కన తల్లి స్టూలు మీద ఉంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

"అలా కూర్చున్నావేం తల్లీ?" అన్నాడు ఉస్తాద్.

"ముట్టుకుంటే కూస్తోందయ్యా. ముట్టుకోవద్దన్నారు."

"ఎన్నాళ్ళయింది?"

"ఐదు రోజులు."

సుగుణ తల తిప్పుకుంది. ముట్టుకోనివ్వొద్దని నర్సుకు చెప్పింది తనే.

"ఒక్కసారి ముట్టుకో," అన్నాడు ఉస్తాద్.

ఆమె భయం భయంగా బిడ్డ అరికాలు తాకింది. బిడ్డ కాలు ముడుచుకుని ఒళ్ళు కదిపింది. వైరు బిగిసింది. మిషన్‌లో గుచ్చిన పిన్ను వెంట్రుకవాసి జరిగింది. కూత.

ఆమె చెయ్యి మళ్ళీ తొడ కిందికి వెళ్ళిపోయింది.

ఉస్తాద్ ఆ వైరు తీసేసి, తను తెచ్చింది పెట్టాడు. అది జానెడు ఎక్కువ పొడవు. ఆ జానెడూ వదులుగా చుట్ట చుట్టి, నర్సునడిగి బ్యాండేజీ గుడ్డ పీలిక తీసుకుని, తొట్టి కమ్మీకి కట్టాడు.

"ఇప్పుడు పట్టుకో తల్లీ."

బిడ్డ తన్నింది. చుట్ట ఊగింది. పిన్ను కదల్లేదు. గీత నడుస్తూనే ఉంది.

తల్లి చెయ్యి తియ్యలేదు. ఏడవనూ లేదు. అంత ఓపిక ఆమెలో మిగల్లేదు.

మెట్లు దిగుతూ సుగుణ నెమ్మదిగా అంది. "మన బల్ల మీద బాగానే పనిచేసింది ఉస్తాద్."

ఆయనకు ఆయాసంగా ఉంది. మెట్టు మీద ఆగి కమ్మీ పట్టుకున్నాడు.

"బల్ల మీద బిడ్డ లేదమ్మా."