బోర్లించిన కుండ

ఎవరైనా ప్రశ్న అడిగితే అచ్యుతయ్యగారు జవాబు చెప్పేవారు కారు, పని చెప్పేవారు. దేవుడెక్కడున్నాడని అడిగినవాడి చేత పాక కప్పు మీద గడ్డి మార్పించారట. మోక్షం ఎప్పుడని అడిగినవాడు నెల్లాళ్ళు కొబ్బరిపీచు నానబెట్టి తాళ్ళు పేనాడు. అందువల్ల ఆయనకు శిష్యులు తక్కువ, ఉన్నవాళ్ళు అడిగే ప్రశ్నలు ఇంకా తక్కువ. అంతా తెలిసి కూడా శిష్యుడు నరహరి అడిగాడు. అడగక తప్పని అవసరం అతనికి వచ్చింది.

కోరంగి రేవులో ఓడెక్కి తూర్పు సముద్రం దాటివచ్చిన నలభై కుటుంబాలు ఆ దీవిలో కొత్తకోరంగి అని పేరు పెట్టుకుని పన్నెండేళ్ళుగా కాపురం ఉంటున్నాయి. ఊరి వెనక ఒంటి కొండ. నాలుగువైపులా నున్నగా పైకి లేచి, కొన మాత్రం తెగ్గొట్టినట్టుంటుంది. దూరాన పోయే ఓడలు దాన్ని చూసే దారి గుర్తుపట్టేవి కాబట్టి ఆ సముద్రం మీద దానికి పెద్ద పేరు. ఊరివాళ్ళకు మాత్రం అది ముసలమ్మ. ఒకప్పుడు నిప్పులు కక్కిందని చెప్పినవాళ్ళే గాని చూసినవాళ్ళు లేరు. దాని కింది నేల ఎంత సారమంటే, చేతిలోంచి గింజ జారిపడినా మొలిచేది. పన్నెండేళ్ళు ముసలమ్మ కిమ్మనలేదు. ఇప్పుడు పదిరోజులుగా నేల అడుగున ఏదో గుడగుడమంటోంది. ఇళ్ళల్లో కుండల దొంతరలు వాటంతటవే కదులుతున్నాయి. ఊరి నూతిలో నీళ్ళు వెచ్చబడి గంధకం వాసన కొడుతున్నాయి. రేవులో ఉన్న ఓడ సరంగు, అయిదు రోజుల్లో గాలి తిరుగుతుందనీ, తిరగ్గానే తెరచాప ఎత్తుతాననీ, మళ్ళీ రావడం ఏడాదికేననీ కబురుపెట్టాడు. ఊరు పోవాలో ఉండాలో ఆ అయిదు రోజుల్లో తేలాలి.

ఊరిపెద్ద రామినాయుడు వచ్చి సలహా అడిగితే, గురువుగారు నరహరి వైపు చెయ్యి చూపించి, "ఇతను చెబుతాడు. చదువుకున్నవాడు" అన్నారు. చదువుకున్నమాట నిజమే. తాటాకు గ్రంథాలకు నకళ్ళు రాయడంలో ఆ దీవి మొత్తానికి అతన్ని మించినవాడు లేడు, ఆ మాటకొస్తే రెండోవాడే లేడు. కాని కొండల సంగతి ఏ తాటాకులోనూ అతనికి తగల్లేదు. పైగా ఇంట్లో భార్య సుభద్రకు తొమ్మిదో నెల. నడిసముద్రంలో నొప్పులొస్తే ఎలా? ఇక్కడే పురుడు పోశాక కొండ పగిలితే ఎలా? ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది అతని పని.

"గురువుగారూ, ఒక్కటే అడుగుతాను. ముసలమ్మ చచ్చిందా, నిద్రపోతోందా?"

"ఎర్రయ్య కొత్త నుయ్యి తవ్వుతున్నాడు. వెళ్ళి మట్టి తోడు" అన్నారు గురువుగారు.

పాత నూతి నీళ్ళు నోట పెట్టుకోలేక ఊరివాళ్ళు వాగు పక్కన కొత్త నుయ్యి తవ్విస్తున్నారు. ఎర్రయ్య అప్పటికే మూడు నిలువుల లోతు దిగి, మట్టి కూలకుండా ఒరలు దించడానికి చోటు కోసం లోపలి గోడ చెక్కుతున్నాడు. నరహరి తట్ట పట్టుకుని నిచ్చెన దిగాడు. గోడ చూసి ఆగిపోయాడు. నల్లటి మట్టి మధ్య తెల్లటి చారలు చుట్టూ గీత గీసినట్టు నడిచాయి.

"ఇవేమిటి ఎర్రయ్యా?"

"బూడిదండి బాబూ. ముసలమ్మ కక్కిందే. నలిపి సూడండి, గాజుపొడిలాగ గరగరలాడతాది."

నరహరి నలిపాడు. వేళ్ళు గీరుకున్నాయి. వెంటనే అతనిలోని పండితుడు మేలుకున్నాడు. పైనుంచి చదువుకుంటూ వచ్చాడు. మొదటి చార బెత్తెడు. దాని కింద మట్టి, ఆ తర్వాత రెండో చార జానెడు. మళ్ళీ మట్టి, మూడోది మూరెడు. బెత్తెడు, జానెడు, మూరెడు! ఒక్కోసారి ఒక్కో మెట్టు పెరుగుతోంది. ఈసారి లేస్తే ఊరు ఆనవాలు కూడా మిగలదు. తట్ట అక్కడే పారేసి, నిచ్చెన రెండేసి మెట్లెక్కి, ఊళ్ళోకి పరిగెత్తి, "పోవలసిందే" అని చెప్పేశాడు. సాయంత్రానికి ఊరంతా మూటలు కట్టింది. రామినాయుడు ముదరని అరటిగెలలన్నీ కొట్టించాడు.

మర్నాడు తట్ట కోసం వెళ్ళిన నరహరిని చూసి ఎర్రయ్య గునపం ఆనించి నవ్వాడు.

"బాబూ, మా ఇంటిది అట్లు పోసి పళ్ళెంలో ఒకదాని మీద ఒకటి ఏస్తాది. మొదట పోసిన అట్టు పైనుంటాదా, అడుగునుంటాదా?"

నరహరి గోడ మీది చారల వైపు మళ్ళీ చూశాడు. తాటాకు కట్టలో మొదటి ఆకు పైనుంటుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అతను అలాగే చదివాడు. నేల మాత్రం మొదటి ఆకు అడుగున పెడుతుందని ఎవరూ చెప్పలేదు. అంటే ముందు మూరెడు, తర్వాత జానెడు, చివరికి బెత్తెడు. ముసలమ్మ ఓపిక తగ్గిపోతూ వచ్చింది! సిగ్గుతో తల వంచుకుని ఊళ్ళోకి వెళ్ళి, "ఉండవచ్చు" అన్నాడు. రామినాయుడు తన అరటిగెలల వైపు చూసి, "చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే" అన్నాడు. ఊరంతా మూటలు విప్పింది.

గురువుగారు అంతా విని, "నూతిలో మట్టి అయిపోయిందా?" అని మాత్రం అడిగారు.

అయిపోలేదు. మూడోరోజు నరహరి మళ్ళీ దిగాడు. ఈసారి బూడిద చారల జోలికి పోదలుచుకోలేదు గనక, చూపు వాటి మధ్య ఉన్న మట్టి మీద పడింది. మట్టి ఎలా వస్తుందని అడిగాడు.

"ఆకు రాలాల, గడ్డి కుళ్ళాల, పురుగు తినాల. వేలెడు మట్టికి తరాలు పడతాదండి" అన్నాడు ఎర్రయ్య.

అడుగున మూరెడు బూడిద కింద మట్టి నడుమెత్తు ఉంది. జానెడు బూడిద కింద మూరెడు మట్టి. బెత్తెడు బూడిద కింద జానెడు. ముసలమ్మ ఎంతకాలం పడుకుంటే అంత గట్టిగా లేస్తోందన్నమాట. నరహరి మెల్లగా తలెత్తాడు. చివరి బూడిద చార నుంచి గడ్డివేళ్ళ దాకా, వాళ్ళిద్దరి తలల మీద, నల్లటి మట్టి నిలువెత్తున ఉంది. అంత మందం కింద ఎక్కడా లేదు. అంటే ఇంత పెద్ద నిద్ర ముసలమ్మ ఎప్పుడూ పోలేదు. లేదా చచ్చిపోయింది. పెద్ద నిద్రకూ చావుకూ గోడ మీద గుర్తు ఒక్కటే. ఒకరోజు పొమ్మని, ఒకరోజు ఉండమని చెప్పినవాడు ఇప్పుడు ఏమని చెప్పాలి? అతనికి ఏడుపొచ్చింది. తట్ట బోర్లించుకుని దాని మీద కూలబడ్డాడు.

అప్పుడే ఎర్రయ్య గునపం ఠంగుమంది. మూరెడు బూడిద అడుగున, గోడలో, మూడు రాళ్ళ పొయ్యి. దాని మీద కుండ. వాగు దగ్గర నీళ్ళున్న చోటే మనుషులు పొయ్యి పెడతారు, అప్పుడైనా ఇప్పుడైనా. ఎర్రయ్య కుండను జాగ్రత్తగా పెకలించి ఇచ్చాడు. నోటిదాకా బూడిద గట్టిపడి ఉంది. దాని పైనున్న జానెడు చార కింద, చేతికందే దూరంలో, గోడ బోలుగా మోగింది. అక్కడా పొయ్యే, అక్కడా కుండే. కాని ఇది తలకిందులుగా ఉంది. ఎత్తి చూస్తే లోపల బూడిద లేదు, ఏమీ లేదు.

రెండు కుండలూ మోసుకుని నరహరి ఇంటికి వచ్చేసరికి సుభద్ర చాప మీద కాళ్ళు చాపుకుని, ముందర బట్టల మూట పెట్టుకుని కూర్చుంది.

"కట్టమంటారా, విప్పమంటారా? చెప్పేయండి. రేపు మళ్ళీ వంగలేను" అంది.

అతను కుండలు దింపాడు. సుభద్ర మొదటిదాన్ని దగ్గరికి లాక్కుని, పుల్లతో బూడిద కెలికింది. అడుగున నల్లగా మాడిన గింజలు, కాలిపోయిన తెడ్డు మొదలు. ఆమె చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

"ఉడుకుతుండగానే వచ్చి పడింది. పాపం, మూతైనా పెట్టుకోలేదు."

"మరి ఇది?"

"ఎక్కడుంది?"

"పొయ్యి మీదే. ఇలాగే, బోర్లించి."

"పొయ్యిలో కట్టెల బూడిద ఉందా?"

నరహరి ఆలోచించాడు. "లేదు. రాళ్ళ మధ్య శుభ్రంగా ఉంది."

"అయితే ఊరెళ్ళింది" అంది సుభద్ర, పక్కింటావిడ గురించి చెబుతున్నట్టు. "పొయ్యిలో బూడిద ఎత్తి, కుండ కడిగి, దాని మీదే బోర్లించి వెళ్ళింది. కోరంగిలో ఓడెక్కిన రోజు మా అమ్మ ఇలాగే చేసింది. తిరిగి రానిదైతే కుండ చంకన పెట్టుకుపోదూ?"

"కొండ లేస్తుందని ఆవిడకు ఎలా తెలిసిందంటావు?"

"తెలిసిందో లేదో ఎవరు చూడొచ్చారు? కడిగి బోర్లించింది, అంతే."

నాలుగోరోజు పొద్దున్నే నరహరి ఆ కుండలను తీసుకెళ్ళి రామినాయుడి అరుగు మీద పెట్టాడు. దొరికినవి ఎలా దొరికాయో అలాగే, ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లించి. ఎక్కడ, ఏ చార కింద ఉన్నాయో చెప్పాడు. జనం మూగారు. ఈసారి ఏ కూత కూస్తాడో అని కొందరు ముందే నవ్వడం మొదలుపెట్టారు.

"ఇంతకీ చచ్చిందా, నిద్రపోతోందా? అది చెప్పవయ్యా" అన్నాడు రామినాయుడు.

"తెలియదు నాయుడుగారూ."

తన నోటి నుంచి ఆ మాట రావడం విని నరహరికే వింతగా తోచింది. చదువుకున్నప్పటి నుంచి అతను దాన్ని వాడలేదు. సిగ్గేసింది గాని, మూడురోజులుగా గుండె మీద ఉన్న బరువు కొంచెం దిగింది. ఇంతలో ఎర్రయ్య పెళ్ళాం ముందుకొచ్చి, మాడిన గింజలు నాలుగు అరచేతిలో వేసుకుని చూసింది. నేరుగా ఇంటికి వెళ్ళిపోయింది. కాసేపటికి వాళ్ళ పెరట్లో కుండ తోముతున్న చప్పుడు వినిపించింది. తర్వాత పక్కింట్లో. మగవాళ్ళు అరుగు మీద వాదించుకుంటూనే ఉన్నారు. వాదన తెమిలేసరికి ఊళ్ళో ఒక్క పొయ్యి మీద కూడా కుండ వెల్లకిలా లేదు.

అయిదోరోజు గాలి తిరిగింది. విత్తనాల మూటలు, మేకలు, పిల్లలు, అన్నీ ఓడెక్కాయి. సుభద్రకు తెరచాప కొయ్య పక్కన చాప వేశారు. కొండ మాత్రం ఎప్పటిలాగే ఉంది, దాని మీద మబ్బుతునక కూడా లేదు. అది చూస్తుంటే నరహరి మనసు మళ్ళీ తిరగబడింది. దేని కోసం పోతున్నాం? పండిన చేలు విడిచి, నిండు చూలాలిని సముద్రం మీద వేసి? గురువుగారిని తీసుకురావడానికి వెళ్ళినవాడు పాక గుమ్మంలోనే నిలబడిపోయాడు.

అచ్యుతయ్యగారు పొయ్యిలో బూడిద ఎత్తి, చోటు అలికి, కడిగిన కుండను రాళ్ళ మీద బోర్లిస్తున్నారు.

"గురువుగారూ, మట్టంతా తోడాను. మీరు ఇప్పటికీ చెప్పలేదు. ముసలమ్మ చచ్చిందా, నిద్రపోతోందా?"

ఆయన చేతులు దులుపుకుని, చేతికర్ర అందుకుని, గుమ్మం దాటుతూ అన్నారు:

"నూతి అడుగున ఆ పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళు కూడా ఇదే అడుగుతూ ఉండి ఉంటారు, నాయనా. కుండ దించకుండా."