మూడో ట్రాన్సిస్టరు

నేను చేసిన డబ్బా మాస్టారి బల్ల మీద పలికింది. మా ఇంట్లో పలకలేదు.

పలకలేదంటే మోగలేదని కాదు. మోగింది, అరిచింది కూడా. మా అమ్మాయి గిటారు తీగని గట్టిగా మీటినా, మెల్లగా తాకినా ఒకటే అరుపు. గిటారు మీద వాల్యూమ్ నాబ్ తగ్గిస్తే ఆ అరుపే పక్క వీధిలోంచి వచ్చినట్టు వినపడింది. అంతేగానీ మెత్తబడలేదు.

పది నిమిషాలు చూసి హెప్సిబా గిటారుని గోడకి ఆనించింది.

"ఇది నా మాట వినట్లేదమ్మా" అంది.

ఆ రోజంతా తను మాట్లాడింది అదొక్క మాటే.

హెప్సిబాకి పదిహేడేళ్ళు. చర్చిలో ముందు వరసలో నిలబడి పాడేది. పోయిన ఏడు జ్వరమొచ్చి ఇరవై రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. గొంతులోకి గొట్టం వేశారు. పిల్ల దక్కింది. గొంతు మాత్రం జీరపోయింది. ఇక ఇంతేనన్నారు. అప్పట్నుంచీ తను బయటివాళ్ళ ముందు నోరు తెరవదు. ఎవరేం అడిగినా నేనే చెబుతాను.

తర్వాత వాళ్ళ బాబాయి దగ్గర పాత గిటారు ఉంటే తెచ్చుకుంది. ఒకరోజు ఫోన్లో ఏదో పాట పెట్టి నా చెవి దగ్గర ఉంచింది. అందులో గిటారు కందిరీగల తుట్టెని కదిపినట్టు ఉంది.

"దీనికో డబ్బా ఉంటుందమ్మా. ఫజ్ పెడల్ అంటారు. కాలితో నొక్కుతారు. నాకది కావాలి."

ఆసుపత్రి నుంచి వచ్చాక పిల్ల నోరు తెరిచి కావాలన్నది అదే మొదలు. కొనొచ్చు. కానీ నా చేత్తో చేసి ఇవ్వాలనిపించింది. ఆ ఇరవై రెండు రోజులూ చేతులు కట్టుకుని ఆసుపత్రి అద్దం బయట నిలబడ్డదాన్ని.

నేను ఫ్యాను మోటార్లకి కాయిళ్ళు చుడతాను. పద్దెనిమిదేళ్ళ నుంచి అదే పని. రాగితీగ సంగతి తెలుసు. మిగతాది తెలీదు. అందుకని గుంటూరు కొత్తపేటలో సుభానీ మాస్టారి దగ్గరికి వెళ్ళాను. డెబ్బై దాటిన మనిషి. చర్చిల యాంప్లిఫైర్లూ మసీదుల మైకులూ ఆయన బల్ల మీద పక్కపక్కనే పడుకుని ఉంటాయి.

"ఫ్యాన్లు తిరగడం చాల్లేదా రూతమ్మా, ఇప్పుడు గిటార్లు కూడా అరవాలా?" అన్నారు.

"మా అమ్మాయికండీ."

ఆయన వెంటనే స్టూలు చూపించారు.

మొదటి రోజే అడిగాను. "మంచి శబ్దాన్ని ఈ డబ్బా ఎట్టా పాడుచేస్తుంది మాస్టారూ?"

ఆయన లేచారు. మూలనున్న నూలు తాడు తీసి ఒక కొస నా చేతికిచ్చారు. ఇంకో కొస పట్టుకుని బల్లకి అటువైపు కింద కూర్చున్నారు. నన్ను ఇటువైపు కూర్చోమన్నారు. మా మధ్య, బల్ల కింద, తాడు వేలాడుతోంది.

"ఊపమ్మా."

ఊపాను. తాడు గుండ్రంగా లేచి పడింది.

"ఇంకా."

ఇంకా పైకి లేచింది.

"తినలేదా పొద్దున? గట్టిగా!"

గట్టిగా ఊపాను. తాడు లేచి బల్ల అడుగు చెక్కకి టప్‌మని కొట్టుకుంది. మళ్ళీ ఊపితే మళ్ళీ టప్. గుండ్రంగా లేవాల్సిన తాడు నెత్తి చదునైంది. పైనుంచి దుమ్ము రాలింది.

"ఆ చెక్క మన బ్యాటరీ అనుకో. తొమ్మిది వోల్టులు. ట్రాన్సిస్టరు గిటారు శబ్దాన్ని పెంచుకుంటా పోతుంది. బ్యాటరీ ఉన్నంతే పోనిస్తుంది. అక్కడ నెత్తి చదునవుద్ది. అదే ఫజ్."

"మరి డిస్టార్షన్ డబ్బా అని ఇంకోటి ఉందంటారే?"

ఆయన చెక్కకి జానెడు కింద అరచెయ్యి అడ్డం పెట్టారు. తాడు చేతికి తగిలి ఆగింది. "చెక్క దాకా పోనీకుండా ముందే పట్టుకోవడం. రెండు డయోడ్లు చాలు. ఒకటి పైకి పోయేదాన్ని పడుతుంది, ఒకటి కిందకి పోయేదాన్ని."

"అంటే కోసెయ్యడమేగా. పాడుచెయ్యడమేగా మాస్టారూ."

"టప్‌మని వినపడిందా?"

"వినపడింది."

"అది తాట్లో ఉందా?"

"లేదు."

"చెక్కలో ఉందా?"

నేను వంగి చెక్కని చూశాను. ఆయన తాడు చుట్టి మూలన పడేశారు. ఆ రోజుకి పాఠం అయిపోయింది.

నాలుగు నెలలు నేర్చుకున్నాను. పొద్దున కాయిళ్ళు చుట్టడం, మధ్యాహ్నం మాస్టారి దగ్గర. నేను పెట్టిన టంకం చూసి, "ఇది టంకమా, వడియమా? ఎండబెట్టుకుని వేయించుకో" అనేవారు. విప్పి మళ్ళీ పెట్టించేవారు. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగైదు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు. ఫజ్ అంటే ఇంతే. మొదటి ట్రాన్సిస్టరు పెంచుతుంది, రెండోది ఇంకా పెంచుతుంది, రెండూ చెక్కకి తగులుకుంటాయి.

డబ్బా పూర్తయ్యే వారంలో నాకో ఆలోచన వచ్చింది.

మాస్టారి దగ్గరున్న పాత పుస్తకంలో చదివాను. గిటారు నుంచి వచ్చే శబ్దం చాలా పీలది. దాన్ని తిన్నగా డబ్బాలోకి పంపితే డబ్బా దాన్ని లాగేస్తుంది, ఆ పీల శబ్దం మీద భారం పడుతుంది. అట్లా పడకుండా ముందు ఇంకో ట్రాన్సిస్టరు పెట్టొచ్చు. దాన్ని బఫర్ అంటారు. అది పెంచదు, తగ్గించదు. గిటారు దగ్గర సుతారంగా అందుకుని, వెనకున్నవాటికి బలంగా అందిస్తుంది. భారమంతా తాను మోస్తుంది.

ఆ వాక్యం రెండుసార్లు చదివాను. భారమంతా తాను మోస్తుంది.

శుక్రవారం మాస్టారు నమాజుకి వెళ్ళినప్పుడు మూడో ట్రాన్సిస్టరు పెట్టేశాను. ఆయన వచ్చేసరికి మూత బిగించి ఉంచాను. ఆయన సిగ్నల్ పెట్టె తగిలించి చూశారు. ఎప్పుడూ ఒకేలా కూతపెట్టే పెట్టె అది. డబ్బా చక్కగా పలికింది. శబ్దాన్ని అలగా చూపించే తెర మీద దాని నెత్తి చదునుగా వచ్చింది.

"టంకం బాగా కుదిరిందే" అన్నారు.

ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆనందంలో మూడోదాని సంగతి చెప్పలేదు.

ఆ సాయంత్రమే ఇంట్లో డబ్బా అరిచింది.

మర్నాడు వెళ్ళి చెప్పాను. తీగలు చూశాననీ, బ్యాటరీ మార్చాననీ, టంకాలన్నీ మళ్ళీ పెట్టాననీ చెప్పాను. ఆయన విని, "పిల్ల ఏమంది?" అన్నారు.

"మాట వినట్లేదంది."

"రేపు పిల్లని తీసుకురా. గిటారు కూడా."

తీసుకెళ్ళాను. చిన్న గది అది. ఆయన బల్ల వెనక, హెప్సిబా గుమ్మం పక్కన, మధ్యలో నా స్టూలు.

"ఏం పేరమ్మా?" అని మా అమ్మాయిని అడిగారు.

"హెప్సిబా అండీ" అన్నాను.

"ఏం చదువుతున్నావు?"

"ఇంటర్ అండీ. ఈ ఏడు పోయింది, వచ్చే ఏడు రాస్తుంది."

"టీ తాగుతావా?"

"తాగదండీ. వేడి పడదు."

మాస్టారు కళ్ళజోడు మీదుగా నన్ను చూశారు. "నువ్వు తాగుతావా రూతమ్మా?"

"నాకొద్దండీ."

"నీ సంగతి కూడా నువ్వే చెబుతున్నావు. మంచిదే" అన్నారు.

హెప్సిబా పెదవి కొంచెం వంగింది. నవ్వో, ఇంకేదో తెలీలేదు. తను నేల చూస్తూ నిలబడింది.

గిటారు తగిలించి మీటమన్నారు. డబ్బా అరిచింది. నాబ్ తగ్గించమన్నారు. తగ్గించినా అరిచింది. ఆయన బల్ల మీదున్న డబ్బా ఆపి, తిరగేసి, మూత విప్పారు.

"ఈ కొత్తాయన ఎవరు?"

నేను చెప్పాను. పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను. పిల్ల గిటారు మీద భారం పడకుండా పెట్టానన్నాను. చెబుతుంటే నా గొంతులో కాస్త గొప్ప కూడా ఉందనుకుంటాను.

 మాస్టారు గిటారుని నా చేత అందుకుని, తన వైపు తిప్పుకుని, తీగల కిందున్న నల్లటి పట్టీ మీద వేలుపెట్టారు.

"ఇందులో ఏముంది?"

"అయస్కాంతం."

"దాని చుట్టూ?"

వంగి చూశాను. పట్టీ అంచు కొంచెం లేచి ఉంది. ఆ సందులోంచి ఎర్రగా, తలవెంట్రుక కన్నా సన్నంగా, వరసలు వరసలుగా కనపడింది. పద్దెనిమిదేళ్ళుగా నా వేళ్ళ మధ్యనుంచి పోతున్నదే.

"కాయిలు" అన్నాను.

"వేల చుట్లు. నువ్వు చుట్టేదే, ఇంకాస్త సన్నం. మరి డబ్బా ఎక్కడ మొదలవుద్ది రూతమ్మా?"

నేనిన్నాళ్ళూ కేబులు గుచ్చే చోట మొదలవుతుందనుకున్నాను. ఆ కాయిలు కూడా డబ్బాలో భాగమేననుకోలేదు.

ఆయన టంకం కడ్డీ వేడిచేసి, మూడో ట్రాన్సిస్టరు మూడు కాళ్ళూ ఒక్కొక్కటే వదిలించారు. ఊది, నా చేతిలో పెట్టారు. ఇంకా వెచ్చగానే ఉంది. గిటారు నుంచి వచ్చే తీగని తిన్నగా మొదటి ట్రాన్సిస్టరుకి కలిపారు. మూత పెట్టకుండానే గిటారు నా చేత పిల్లకి అందించారు.

"వాయించమ్మా."

హెప్సిబా మీటింది.

డబ్బా గర్జించింది. తను ఉలిక్కిపడి నాబ్ సగానికి తగ్గించింది. గర్జన తగ్గి మాటలా అయింది. ఇంకాస్త తగ్గించింది. గొణుగుడైంది. ఆ గొణుగుడులో ఆరు తీగలూ విడివిడిగా వినపడ్డాయి. మెల్లగా తాకితే మెల్లగా, గోరు తగిలితే గోరు తగిలినట్టు. తను మళ్ళీ పెంచింది, మళ్ళీ తగ్గించింది. ఒక్క వేలే కదులుతోంది. తన మొహం చూసే ధైర్యం లేక ఆ వేలు చూస్తూ కూర్చున్నాను.

కాసేపటికి ఆపింది.

"భారం పడుతుందని పెట్టాను మాస్టారూ" అన్నాను.

"పడనీ. గిటారు డబ్బా మీద ఆనుకుంటేనే, అక్కడ నాబ్ కదిలిన సంగతి డబ్బాకి తెలుస్తుంది. నువ్వు మధ్యలో ఒకాయన్ని నిలబెట్టావు. ఆయన చాలా మర్యాదస్తుడు. పిల్ల గుసగుసలాడినా ఒకటే గొంతుతో చెబుతాడు, ఏడ్చినా ఒకటే గొంతుతో చెబుతాడు."

"మొన్న మీ సిగ్నల్ పెట్టెతో బాగా పలికిందిగా?"

"పెట్టెకేముంది? దానికి కాయిలూ లేదు, వేలూ లేదు."

నా చేతిలో దాన్ని చూశాను. గింజంత ఉంది.

"అయితే ఇది పారెయ్యనా?"

"ఎందుకు పారేస్తావు? మంచి పార్టు. రేపు పిల్ల చర్చిలో ముందు నిలబడి వాయిస్తే యాంప్లిఫైరు దాకా పొడుగు కేబులు లాగాలి. అంత దూరం పోతే శబ్దం నీరసపడుద్ది. అప్పుడు ఇది లేకపోతే జరగదు."

"మరి ఎక్కడ పెట్టను?"

"వెనక."

ఆయన కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నారు. పెట్టుకుని మా అమ్మాయి వైపు తిరిగారు.

"ఎట్టా ఉందమ్మా?"

బాగుందండీ. ఆ మాట నా పళ్ళ దాకా వచ్చింది. అక్కడే ఆపాను.

 బయట ఎవరో స్కూటరుని తన్ని తన్ని స్టార్టు చేస్తున్నారు. నాలుగుసార్లు తన్నారు. మాస్టారికి తొందరేమీ ఉన్నట్టు లేదు. 

హెప్సిబా గొంతు సవరించుకుంది. సవరించుకున్నా అది అట్లాగే ఉంది.

"ఇంకాస్త బొంగురుగా కావాలి తాతా" అంది.

బొంగురు. ఏడాదిగా మా ఇంట్లో ఎవ్వరం అనని మాట.

మాస్టారు తల ఊపి, తెరిచున్న డబ్బాలో తిప్పాల్సిన మర చూపించి, చిన్న స్క్రూడ్రైవరు తీశారు. పిల్లకి అందించబోయారు. మధ్యలో నేనున్నాను, ఆయన చెయ్యి చాలలేదు.

నేను లేచి నా స్టూలు పక్కకి లాగాను.