రెండు పైపుల లెక్క

హైమవతికి నేర్పేవాళ్ళు దొరకలేదు.

పదమూడేళ్ళు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి, ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో ఆమె మళ్ళీ విద్యార్థి కావాల్సి వచ్చింది. వాగులు, వరదలు, కాలువల లెక్కలన్నీ ఆమెకు కాగితం మీద కొట్టిన పిండి. కానీ ఇప్పుడు ఆ లెక్కలు కాగితం మీద ఎవరూ చేయడం లేదు. అంతా కంప్యూటర్‌లో, లెక్కల సాఫ్ట్‌వేర్‌లో. కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ ఆమెను పిలిచి, "వచ్చే జూన్‌లోపు నేర్చుకోండి మేడం. లేదంటే ఆ సబ్జెక్టు వేరేవాళ్ళకి ఇవ్వాల్సి వస్తుంది" అన్నాడు.

ఫోన్లో వీడియోలు చూసింది. ఆమె ఒక లైను రాసుకునేలోపు అందులోని మనిషి నాలుగు లైన్లు దాటిపోయేవాడు. బస్టాండు దగ్గర కోచింగ్ సెంటర్లో చేరింది. అక్కడ ఇరవై మంది ఒకే తెర చుట్టూ మెడలు సాచి నిలబడేవాళ్ళు. పరీక్షలో వచ్చే ప్రశ్నలు తప్ప వేరే మాట లేదు. తనకంటే పదేళ్ళు చిన్నవాడైన తోటి లెక్చరర్‌ని అడిగితే "రేపు మేడం" అన్నాడు. ఆ రేపు మూడు వారాలు సాగింది. స్టాఫ్ రూంలోంచి తను బయటికి రాగానే వెనక నవ్వులు వినపడేవి.

చివరికి కాలేజీ లైబ్రేరియన్ చెప్పింది. "పాత మార్కెట్ వెనక సందులో దస్తగిరి సార్ అని ఉన్నారు. నీటిపారుదల శాఖలో ముప్ఫై ఏళ్ళు ఇవే లెక్కలు చేసి రిటైరయ్యారు. ఆయనలా నేర్పేవాళ్ళు నంద్యాలలో లేరు. ఒప్పుకోవడమే కష్టం."

దస్తగిరికి డెబ్బై దాటాయి. ఎడమ మోకాలు సరిగా వంగదు. వరండాలో కుర్చీలో కూర్చుని ఆమె చెప్పిందంతా విన్నాడు.

"ఎందుకు నేర్చుకోవాలమ్మా నీకు?"

హైమవతి పెద్ద మాటలేవో సిద్ధం చేసుకుని వచ్చింది. ఆయన ముఖం చూశాక అవి నోటికి రాలేదు.

"నేర్చుకోకపోతే సబ్జెక్టు పోతుంది సార్."

ఆయన నవ్వాడు. "నిజం చెప్పినావు. రేపట్నుంచి సాయంత్రం అయిదింటికి రా. మూడు నెలలు పడుతుంది. మధ్యలో మానకూడదు."

ఆయన నేర్పే పద్ధతి ఆమెకు మొదట వింతగా తోచింది, తర్వాత విసుగు పుట్టించింది. ఒక్కో అంకె టైపు చేయగానే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"ఇది యాడ్నుంచి వచ్చింది?"

"పుస్తకంలో ఇచ్చారు సార్."

"ఏ కొలతలో?"

"మామూలు కొలతే సార్."

"తెరిచి చూడు."

తెరిచి చూస్తే చాలాసార్లు మామూలు కొలతే ఉండేది. అయినా మరుసటి రోజు మళ్ళీ అదే ప్రశ్న. పది లైన్లు రాయడానికి రెండు గంటలు పట్టిన రోజులున్నాయి. ఇంటికి వెళ్ళే దారిలో, ముసలాయనకి తొందర లేదు, నాకుంది అనుకునేది.

కానీ ఆమె చురుకైనది. రెండో నెల ముగిసేసరికి ఏ లెక్క ఇచ్చినా చకచకా రాసి, గ్రాఫు గీసి చూపించగలిగింది. కాలేజీలో ఎవరికీ అంత వేగం లేదు. అదే వారం ప్రిన్సిపాల్, అధ్యాపకులందరికీ వారం రోజులు శిక్షణ ఇవ్వమని ఆమెనే అడిగాడు.

ఆ సంగతి దస్తగిరికి చెప్పి, "ఇక ఇంతటితో చాలనుకుంటున్నా సార్" అంది.

"ఇంకో నెల ఉందమ్మా. లెక్క చేయడం నేర్చుకున్నావు. చేసిన లెక్కను అనుమానించడం ఇంకా నేర్పలేదు."

"సెలవుల్లో వస్తాను సార్."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. "సరే" అన్నాడు.

శిక్షణ ఆఖరి రోజున ప్రిన్సిపాల్ మైకు పట్టుకుని అడిగాడు. "ఇంత బాగా చెప్పారు మేడం, ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

ముందు వరసలో, రేపు మేడం అన్న లెక్చరర్ కూర్చుని ఉన్నాడు.

"ఎవరి దగ్గరా లేదు సార్. ఇంట్లో కూర్చుని సొంతంగా నేర్చుకున్నా" అంది హైమవతి.

చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ, రేపు వెళ్ళి సార్‌ని కలవాలి అనుకుంది. వెళ్ళలేదు. సెలవులు వచ్చాయి, పోయాయి. ఆలస్యమయ్యే కొద్దీ ఆ సందులోకి అడుగు పెట్టడం కష్టమైంది. తర్వాత తర్వాత మార్కెట్‌కి కూడా వేరే దారిలో వెళ్ళేది.

మరుసటి ఏడాది ఎర్రగుడిపాడు పంచాయతీ వాళ్ళు కాలేజీకి వచ్చారు. ఊరి రోడ్డును వాగు దాటించాలి. రోడ్డు కింద ఎన్ని పైపులు వేయాలో లెక్క కట్టి ఇమ్మన్నారు. ఆ పని హైమవతికి వచ్చింది. ఎంత నేల మీద పడిన వాన ఆ వాగులోకి చేరుతుందో సర్వే కాగితంలో ఉంది. మూడు వందలు. ఇక్కడ అందరూ ఎకరాల్లోనే రాస్తారు. ఆమె ఎకరాలను హెక్టార్లలోకి మార్చి, సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చింది. అరగంట కూడా పట్టలేదు. రెండు పైపులు చాలు అని వచ్చింది. సంతకం పెట్టి ఇచ్చేసింది.

అక్టోబరులో వాన పడింది. రెండు పైపులూ ఆ నీళ్ళను మింగలేకపోయాయి. రోడ్డు ఆనకట్టలా అడ్డం నిలిచింది. వాగు పక్కకి తిరిగి, ఓబులమ్మ అనే ఒంటరి ఆడమనిషి చేను గట్టు తెంచుకుని పోయింది. రెండెకరాల శెనక్కాయ పీకడానికి సిద్ధంగా ఉంది. ఒక్క చెట్టు మిగల్లేదు. చేనంతా మోకాలెత్తు ఇసుక మేట వేసింది.

ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. పెద్ద వాన అన్నారు. కానీ హైమవతి ఆ రోజు ఎంత వాన పడిందో తెప్పించుకుని చూసింది. తాను లెక్కలో వేసుకున్న దానికంటే అది ఎక్కువ లేదు. సర్వే కాగితం మళ్ళీ తీసింది. మూడు వందల పక్కన, మడత పడిన మూలలో, పెన్సిలుతో చిన్నగా 'హె' అని రాసి ఉంది.

హెక్టార్లు. ఎకరాలకు రెండున్నర రెట్ల నేల. ఐదు పైపులు వేయాల్సింది.

ప్రిన్సిపాల్ ఆ కాగితాన్ని చూసి, లేచి గది తలుపు మూశాడు. "వాన ఎక్కువ పడిందని రిపోర్టు పోయింది మేడం. దాన్ని కదపకండి."

ఆమె కదపలేదు. జనవరి దాకా ఆ కాగితం బ్యాగులో మోసింది. ఒక ఆదివారం పొద్దున ఇక మోయలేక పాత మార్కెట్ వెనక సందులోకి తిరిగింది.

ఏడాదిన్నర తర్వాత వచ్చిన మనిషిని దస్తగిరి ఏమీ అడగలేదు. "రామ్మా, కూర్చో" అన్నాడు. హైమవతి కూర్చోకుండానే మొదలుపెట్టింది. సర్వేయరు కొలతను అంత చిన్నగా రాశాడని, పైగా మడతలో రాశాడని, పంచాయతీ వాళ్ళు తొందర పెట్టారని, పైపులు వేసేటప్పుడైనా ఎవరూ అనుమానపడలేదని చెప్పింది. చెప్తున్నకొద్దీ ఆమె గొంతు పెరిగింది. ఆయన భూతద్దం పెట్టి కాగితాన్ని చాలాసేపు చూశాడు.

"ఈ ఊరు ఎంత దూరం?"

"బస్సులో గంట సార్. దిగి రెండు కిలోమీటర్లు నడవాలి."

ఆయన లోపలికి వెళ్ళి చొక్కా మార్చుకుని, గొడుగు తీసుకుని వచ్చాడు.

"పద."

ఆ రెండు కిలోమీటర్లు నడవడానికి ఆయనకు గంట పట్టింది. మధ్యలో మూడు చోట్ల ఆగాడు. హైమవతి చెయ్యి అందించబోతే వద్దన్నాడు.

ఓబులమ్మ చేనులో ఒక్కతే ఉంది. పారతో ఇసుక ఎత్తి తట్టలో పోసి, గట్టు అవతలికి మోసుకుపోతోంది. మూడు నెలల్లో ఒక మూల మంచం వేసేంత నేల తేలింది. అంతే.

దస్తగిరి గట్టు మీద చెప్పులు విడిచాడు. ఇసుకలో కాళ్ళు కూరుకుపోతుండగా ఓబులమ్మ ముందుకు వెళ్ళి రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, రోడ్డు కింద ఐదు పైపులు పడాల్సింది. రెండే పడినాయి. లెక్క తప్పింది. ఆ లెక్కలు నేర్పినోణ్ణి నేను. సరిగా నేర్పలేకపోతిని. నన్ను క్షమించు తల్లీ."

ఓబులమ్మకు అర్థం కాలేదు. పార నేలకు ఆనించి ఆయన్నే చూసింది.

"అందరూ వాన అనిరి గదా సామీ?"

"వాన మామూలుగానే పడిందమ్మా."

ఆమె గట్టు తెగిన వైపు తిరిగింది.

"ఆ గట్టు మా ఆయన పోయినాక నేనేసుకున్న్యా. ఆడదాని గట్టు, గట్టిగా ఎయ్యలేకపోతినే అని ఇన్నాళ్ళూ నన్ను నేనే తిట్టుకుంటాంటి. రాత్రిళ్ళు కండ్లు మూసుకుంటే అదే."

"నీ గట్టు మంచిదేనమ్మా" అన్నాడు దస్తగిరి. "అన్ని నీళ్ళకు ఏ గట్టూ ఆగదు."

ఓబులమ్మ కొంగుతో ముఖం అదిమిపట్టుకుంది. భుజాలు కదిలాయి, ఏడుపు బయటికి రాలేదు.

హైమవతి గట్టు మీదే నిలబడి ఉంది. దిగి వెళ్ళాలనుకుంది. దిగలేదు. ఎవరీమె అని ఓబులమ్మ అడగలేదు. పెద్దాయనకు తోడు వచ్చిన కూతురనుకుందేమో, వాళ్ళు బయల్దేరేటప్పుడు ఆమెతో, "మీ నాయన్ను జాగర్తగా తీస్కపోమ్మా, కాలు బాగలేదు" అంది.

మళ్ళీ మెల్లగా నడుచుకుంటూ వచ్చారు. రోడ్డు దగ్గర బస్సు సిద్ధంగా ఉంది. హైమవతి కిటికీ పక్కన కూర్చుంది, ఆయన ఇవతల కూర్చుని నొప్పి కాలును దారిలోకి చాపుకున్నాడు.

"సార్, తప్పు నాది. మీరెందుకు సార్ ఆమె ముందు అట్లా..." మాట పూర్తి కాలేదు.

ఆయన ముందుకే చూస్తున్నాడు.

"మళ్ళీ మొదట్నుంచి నేర్చుకుంటా సార్. ఎప్పుడు రమ్మంటారు?"

"ఆమెకు నీ పేరు చెప్పినావా?"

"లేదు సార్."

డ్రైవరు ఎక్కి ఇంజను స్టార్ట్ చేశాడు. దస్తగిరి రెండు చేతులతో మోకాలును పట్టుకుని, మెల్లగా పక్కకు జరుపుకుని, ఆమె బయటికి రావడానికి దారి ఇచ్చాడు.

హైమవతి దిగింది. బస్సు వెళ్ళిపోయింది.

ఆమె మళ్ళీ చేను చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఓబులమ్మ తట్ట నింపుతోంది. అడుగుల చప్పుడుకు తలెత్తి, "ఏం తల్లీ, ఏమన్నా మర్సిపోయినావా?" అంది.

"అమ్మా," అంది హైమవతి. "నా పేరు హైమవతి."