నాలుగు ముక్కల మీద పాట

"ముందేం రాబోతోందో తెలియకుండా నోరు విప్పి అడగడం అవివేకం కాదాండీ?" అని కామేశం ఒక ఆదివారం మధ్యాహ్నం జగ్గప్ప గురువుగారిని అడిగాడు.

నరసాపురంలో గోదావరి గట్టు దిగువన ఆయన ఆశ్రమం. ఉదయం పూట తత్వాలు చెప్పేవారు, ఆదివారం మధ్యాహ్నం పేకాడేవారు. వేదాంతం చెప్పే నోటితో తురుపేమిటని అడగడం చూసి కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. పాతవాళ్ళు చాప పరిచేవారు. ఆ రోజు కూడా గురువుగారు ప్రశ్నకి జవాబు చెప్పకుండా, "పేక పట్రా నూకరాజూ" అని వంటింటి వైపు కేకేశారు.

కామేశం హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. నలభై దాటినా పెళ్ళి కాలేదు. అతను అడగదలచుకున్నది ఎవరినో, ఏమనో ఆశ్రమంలో కుక్కపిల్లకి కూడా తెలుసు. భ్రమరాంబ గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు. చిన్నతనంలోనే భర్త పోయాడు. ఏళ్ళ తరబడి ఆదివారాలన్నీ ఆమె అతనికి ఎదురుగా కూర్చుని, అతని జతగా ఆడింది. జతవాళ్ళు ఒకరికొకరు సైగ చెయ్యకూడదన్నది గురువుగారి కట్టడి. అందుకని కామేశం తల ఎత్తేవాడు కాదు. ముక్కలు పట్టుకున్న ఆమె వేళ్ళు మాత్రం చూసేవాడు. స్పిరిట్టు తగిలి తగిలి తెల్లబడ్డ ఆ వేళ్ళని అతను కళ్ళు మూసుకుని గీయగలడు, చాలాసార్లు గీశాడు కూడా. ఇప్పుడు ఆమెకి పార్వతీపురం బదిలీ అయింది. సాయంత్రం బస్సుకే ప్రయాణం. 

భ్రమరాంబ సంచీ తెచ్చి గుమ్మం పక్కన పెట్టి, "వెళ్ళేముందు ఒక్క ఆట ఆడిపోతానండీ" అని చాప మీద కూర్చుంది. అవతలి జత గురువుగారూ, వంటవాడు నూకరాజూ. గురువుగారు ముక్కలు కలిపారు.

వాళ్ళు ఆడేది ఇరవై ఎనిమిది. ఇందులో ఒక తిరకాసుంది. మనిషికి ఎనిమిది ముక్కలు రావాలి గానీ, ముందు నాలుగే పంచుతారు. ఆ నాలుగూ చూసుకుని, మా జత ఇన్ని పాయింట్లు తెస్తుందని పాట పాడాలి. ఎక్కువ పాడినవాళ్ళు తమకి నచ్చిన రంగుని తురుపుగా ఎంచుకుని, ఆ రంగు ముక్కొకటి బోర్లించి పెడతారు. మిగతా నాలుగూ వచ్చేది ఆ తరవాతే. అన్నిటికన్నా పెద్దది జాకీ, దాని తరవాత తొమ్మిది. ఆసూ పదీ వాటి కిందే. వేసిన రంగు చేతిలో లేనివాళ్ళు చిన్న తురుపు ముక్కతోనైనా జాకీని కొట్టేయొచ్చు.

మొదటి వంతు కామేశానిది. చేతిలో ఇస్పేటు జాకీ, తొమ్మిది, పది ఉన్నాయి. అలాంటి ముక్కలు ఏడాదికోసారి పడితే గొప్ప. కామేశం వాటిని విప్పాడు, మూశాడు, మళ్ళీ విప్పాడు.

"మిగతావి కూడా చూసి పాడతానండీ" అన్నాడు.

"అన్నీ చూశాక పాడేదాన్ని పాట అనరయ్యా" అన్నారు గురువుగారు.

కామేశం చెమట తుడుచుకుని, "పాసు" అన్నాడు. నూకరాజు పదహారు పాడాడు. భ్రమరాంబ తన ముక్కల వైపు ఒకసారి, చాప వైపు ఒకసారి చూసి, "ఇరవై" అంది. గురువుగారు వదిలేశారు. ఆమె ఒక ముక్క బోర్లించింది.

తక్కిన నాలుగు ముక్కల్లో కామేశానికి ఇస్పేటు ఆసు కూడా వచ్చింది. అతని ప్రాణం ఉసూరుమంది. వంతు రాగానే జాకీ దించాడు. నూకరాజు చేతిలో ఇస్పేట్లు లేవు. "తురుపు తెరవండమ్మా" అన్నాడు. ఆమె బోర్లించిన ముక్క తిప్పింది. ఆఠీను. నూకరాజు చిన్న ఆఠీను ఒకటి వేసి జాకీని ఎత్తుకుపోయాడు. తొమ్మిదికీ అదే గతి పట్టింది. ఆట అయ్యేసరికి వాళ్ళ జతకి పదిహేడే వచ్చాయి. అదే ఇస్పేటు తురుపైతే ఇరవై తేలిగ్గా దాటేది.

"ఏం చూసుకుని ఇరవై పాడేరమ్మా?" అన్నాడు నూకరాజు ముక్కలు పోగుచేస్తూ.

"నా చేతిలో ఏమీ లేదు నూకరాజూ. ఆయన చేతిలో ఉందనుకున్నాను."

అని లేచింది. గురువుగారి కాళ్ళకి దణ్ణం పెట్టింది. "వస్తానండీ కామేశం గారూ" అని కాస్సేపు అక్కడే నిలబడి, అతను తల ఊపడం చూశాక సంచీ అందుకుని గట్టు ఎక్కింది.

కామేశం కదల్లేదు. ఇస్పేటు ఎవరికి వచ్చిందో ఆమెకెలా తెలుస్తుంది? తన పాసు వెనక ఏదో ఉందని ఆమె నమ్మింది. ఏళ్ళ తరబడి నమ్ముతూనే ఉండి ఉంటుంది. ఆ మాట అతనికిప్పుడు తట్టింది. తల ఎత్తి ఒక్కసారైనా ఆమె మొహంలోకి చూసి ఉంటే ముందే తెలిసేది. ఇంత దగ్గర కూర్చుని ఇంత కాలం ఆమె కోసం అలమటించానా అని అతనికి ఏడుపొచ్చింది.

గభాలున లేచి చెప్పులు తొడుక్కున్నాడు. రెండడుగులు వేసి మెట్ల దగ్గర ఆగిపోయాడు.

"కాదంటుందేమోనండీ" అన్నాడు.

గురువుగారు పేక కట్ట కడుతూ, "కాదంటే ఓడిపోతావు. ఇన్నాళ్ళూ నీకు ఆ ఓటమి కూడా దక్కలేదు కదయ్యా" అన్నారు.