బొల్లి మేక పై పళ్లు

రాళ్లగుట్ట మేకల్లో ఒక మర్యాద ఉంది. ఆడమేక నోరు బార్లా తెరవకూడదు. మేసినా, నెమరు వేసినా మూతి ముడుచుకునే కానివ్వాలి. ఆవలింత వస్తే బండ చాటుకు పోవాలి. ఈ మర్యాద ఎవరు పెట్టారని అడిగితే పోతుమేకలు గడ్డాలు ఊపి ఊరుకునేవి. అలా ఒకదాని నోట్లో ఏముందో ఇంకొకదానికి తెలియకుండానే తరాలు గడిచిపోయాయి.

ఆ మందలో బొల్లి అనే మేకకు తుమ్మకొమ్మ అందుకోబోతే పంటి చిగురులో ముల్లు దిగింది. నొప్పికి మేత మానేసింది. మేత లేక పాలు తగ్గాయి. దాని పిల్ల కర్రి పొదుగు కుమ్మి కుమ్మి ఏడుస్తోంది.

"గుట్ట వెనక నక్కగారు పళ్ల వైద్యం చేస్తున్నారు. చూసినందుకు ఏమీ పుచ్చుకోరు," అని కాకి చెట్టుమీంచి చెప్పింది.

"నక్కా!" అంది బొల్లి.

"నక్కే. ఇప్పుడు మారిపోయాడు, డాక్టరయ్యాడు. ఇంత నొప్పిలోనూ కులగోత్రాలు అడుగుతావేం?"

నోటి సంగతి నలుగురికీ చెప్పుకోవాలంటే సిగ్గు. బొల్లి ఎవరితోనూ అనకుండా కర్రిని వెంటబెట్టుకుని వెళ్లింది.

"రా తల్లీ, ఇలా వెలుతుర్లోకి," అంది నక్క. "ఆ... అను. ఇంకా పెద్దగా. డాక్టరు దగ్గర సిగ్గేమిటి?"

బుద్ధెరిగాక మొదటిసారి బొల్లి నోరు బార్లా తెరిచింది. నక్క మునిపళ్లతో ముల్లు పట్టి ఒక్క లాగు లాగింది. బొల్లికి ప్రాణం లేచొచ్చింది.

"మీ మేలు మరిచిపోను. వస్తానండీ."

"ముల్లుదేముంది, ఉండు." నక్క ముఖం గంభీరంగా పెట్టింది. "పైన ముందరి పళ్లేవమ్మా?"

"ఏ పళ్లు?"

"పై వరస. ఒక్కటీ లేదు. ఎప్పుడు రాలాయి?"

బొల్లి నాలుకతో తడుముకుంది. కింద పళ్లున్నాయి. పైన ఒట్టి చిగురు. "మేకలందరికీ ఇంతేనేమో..."

"ఎవరి నోరైనా చూశావా? చూడలేదుగా. ఇదిగో, నా నోరు చూడు." పైనా కిందా తెల్లగా, మొనదేలిన పళ్లు. "నోరంటే ఇలా ఉండాలి."

బొల్లి గబుక్కున మూతి ముడుచుకుంది.

"ఏదీ, పిల్లాడిదీ చూద్దాం. అయ్యో, వీడికీ లేవు! నీ పాలల్లోంచే వచ్చింది జబ్బు."

"నా పాలల్లోంచా?"

"తల్లివి, నీ తప్పేముందిలే," అంది నక్క, తప్పంతా దానిదే అయ్యేలా. "లేత నోరు, ఇప్పుడైతే మొలిపించొచ్చు. ఇక్కడ వదిలి వెళ్లు. నువ్వుంటే పాలకోసం గోల చేస్తాడు, మందు పట్టదు. పొద్దు వాలాక రా."

"అదృష్టవంతురాలివి, అందర్నీ చేర్చుకోరు," అంది కాకి.

"అమ్మా, నేనూ వస్తా," అని కర్రి వెంటపడింది.

"నోర్మూసుకుని డాక్టరుగారు చెప్పినట్టు విను!" అని కసిరి బొల్లి వెళ్లిపోయింది.

మందలో పెద్దదిక్కు గడ్డాలత్త. "పిల్లాడేడే?" అంది.

బొల్లి దాచలేకపోయింది. "నక్క డాక్టరు దగ్గరున్నాడత్తా. వాడికి పై పళ్లు లేవు. నాకూ లేవు. నావల్లే..."

గడ్డాలత్త అటూ ఇటూ చూసింది. తర్వాత పోతుమేకలందరి ముందే నోరు బార్లా తెరిచింది. పైన ఒట్టి చిగురు.

"నాకూ లేవే! పుట్టినప్పట్నుంచీ లేవు. నా ఒక్కదాని ఖర్మే అనుకుని ఇన్నేళ్లూ మూతి ముడుచుకున్నాను."

పక్క మేక తెరిచింది. దాని పక్కది తెరిచింది. ఎవరికీ లేవు. బొల్లి అప్పటికే పరుగు తీసింది.

బండమీద నక్క మూతి నాక్కుంటోంది. కాకి ఎముకేదో పొడుచుకుంటోంది. చుట్టూ నల్లబొచ్చు.

"నా బిడ్డను మింగావురా, మోసగాడా!"

"మోసమేముంది?" అంది నక్క తీరిగ్గా లేస్తూ. "పై పళ్లు లేవన్నాను. ఉన్నాయా? భయపడింది నువ్వు. తెచ్చి అప్పగించిందీ నువ్వే."

బొల్లి కొమ్ములు వంచి దూకేలోగా నక్క పొదల్లో దూరింది. కొమ్ములు బండకు తగిలి చిట్లాయి.

నీతి: మనల్ని తినేవాడి నోరు చూసి మన నోటికి వంక పెట్టుకోకూడదు.