నూట ఒకటో విస్తరి

అనగనగా, ఉప్పుగాలికి తాళాలు కూడా తుప్పుపట్టే ఒక రేవుపట్నం. ఆ పట్నంలో శరభయ్య అనే వైద్యుడు. ఆయన నాడి పట్టుకుంటే రోగం తనంతట తానే పేరు చెప్పుకుంటుందని జనం అనుకునేవారు.

ఒళ్ళు పాలిపోయి, నాలుగడుగులకే ఆయాసపడేవాళ్ళ కోసం ఆయన ఒక లేహ్యం కనిపెట్టాడు. మొదట ఊరివాళ్ళకు ఇచ్చాడు. తర్వాత జాడీలకెత్తి ఓడలెక్కించాడు. ప్రతి జాడీ మీదా ఒకటే మాట: "కడుపునిండా తిన్నాక ఉసిరికాయంత."

వైద్యుడు వర్తకుడయ్యాడు. అయినా మనసు మంచిదే. బాటసారులకు సత్రం కట్టించాడు. పశువులకు నీటితొట్లు కట్టించాడు. తన ఇంట రోజూ నూరుమందికి అన్నం పెట్టించాడు. రాజుగారు బంగారు కడియం తొడిగి, "మహాదాతవయ్యా!" అన్నాడు.

వండేది మాత్రం ఆయన భార్య నాంచారమ్మ. వడ్డించేదీ ఆమే. కడియం ఆయన చేతికే పట్టింది మరి.

అప్పుడప్పుడూ దూరపు రేవుల నుంచి కబురు వచ్చేది: "అయ్యా, మీ మందు మగవాళ్ళకు గుణమిస్తోంది, ఆడవాళ్ళకు ఇవ్వడం లేదు."

"ఆడవాళ్ళ ఒంటితత్వమే అంత" అనేవాడు శరభయ్య. చదువుకున్నవాడు కదా, తెలియని దానికి కూడా జవాబు ఉండేది.

ఒకరోజు నాంచారమ్మ చేతిలో గరిటెతోనే కూలబడింది. చాలా ఏళ్ళ తర్వాత శరభయ్య భార్య నాడి పట్టుకున్నాడు. అది నూలుపోగులా ఆడుతోంది. ఈ లెక్కన ఆమె నెల దాటదని ఆయన చదువే ఆయనకు చెప్పింది.

మొదట తన లేహ్యమే ఇచ్చాడు. గుణం లేదు. లోహభస్మం ఇచ్చాడు. గుణం లేదు. చివరికి రాజుగారి కడియం కరిగించి స్వర్ణభస్మం చేసి తేనెలో రంగరించి పెట్టాడు. ఆమె వాంతి చేసుకుని, నోరు కడుక్కుని, మళ్ళీ పొయ్యి దగ్గరికి నడిచింది. "నూరుమంది వస్తారు కదండీ!"

శరభయ్య కోపమంతా మందు నూరే మంగతాయి మీదికి మళ్ళింది.

"ఏమ్మా, పాళ్ళు మార్చావా? ఊరందరికీ పనిచేసే మందు మా ఇంట్లో ఎందుకు పనిచేయదు?"

మంగతాయి కల్వం లోంచి చెయ్యి తీయకుండానే అంది: "జాడీ మీద ఏం రాయించారు అయ్యగారూ?"

"కడుపునిండా తిన్నాక."

"మందు సంగతి చూశారు. తిన్నాక అన్న సంగతి చూశారా?"

"నా ఇంట రోజూ నూరు విస్తళ్ళు లేస్తాయి!"

"నేను నూట ఒకటో విస్తరి సంగతి అడుగుతున్నా."

శరభయ్య వంటింట్లోకి వెళ్ళాడు. పంక్తి ముగిసింది. నాంచారమ్మ గుండిగ అడుగున మాడుచెక్క గీక్కుంటోంది. పక్కన చెంబెడు నీళ్ళమజ్జిగ.

"ఎన్నాళ్ళుగా ఇలా?"

"మీరు దాత అయినప్పటి నుంచీ" అందామె, నింద లేకుండా.

శరభయ్య ఆమె ముందు నుంచి గుండిగ పక్కకు జరిపాడు.

మర్నాడు ఇంటి అరుగు నిండా అతిథులు ఆకలితో గొణుగుతున్నారు. లోపల శరభయ్య విస్తరి పరిచి, తానే వడ్డించాడు. నాంచారమ్మ కూర్చోనంది.

"ఆడది ముందు తింటే లక్ష్మి అలుగుతుందనేవారు అత్తగారు."

మంగతాయి పకపకా నవ్వింది. "లక్ష్మీ ఆడదే కదమ్మా! ఆవిడకీ ఆకలి తెలుసు. కూర్చోండి."

నాంచారమ్మ కూర్చుంది. వేడన్నం ముద్ద మింగుతుంటే ఆమె కళ్ళు చెమర్చాయి. మిరపకాయ ఘాటు అంది. ఆ తర్వాత ఉసిరికాయంత లేహ్యం వేసుకుంది.

నెల తిరిగింది. శరభయ్య మళ్ళీ నాడి పట్టుకున్నాడు. అది ఏరులా నిండుగా పారుతోంది. "అమ్మయ్య!" అని ఆయన గట్టిగా ఊపిరి వదిలితే అరుగు మీది అతిథులకు కూడా వినిపించింది.

ఆ రోజు నుంచి జాడీల మీద ఇంకో మాట చేరింది: "ముందు వండినవాళ్ళకు పెట్టండి." ఆ మాట పాటించిన ఇళ్ళలో చాలామందికి లేహ్యంతో అవసరమే లేకపోయింది. వర్తకం సగానికి పడిపోయింది. శరభయ్య హాయిగా నవ్వుకుని మళ్ళీ నాడులు చూడటం మొదలుపెట్టాడు.

వండిన చేతిని పస్తు పెట్టి చేసే దానం దానం కాదు, ఇంటి మనిషి నోటి దగ్గరి కూడు లాక్కోవడమే.